అప్పగించిన మాట

తెలుగు బైబిల్లో ఒకే క్రియను రెండు ఎదురెదురు పనులకు వాడిన వచనం ఒకటుంది. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక, 11వ అధ్యాయం, 23వ వచనం. ప్రభువు దగ్గర పొందినదాన్నే మీకు అప్పగించానని చెబుతూ, అదే ఊపులో ప్రభువు అప్పగింపబడిన రాత్రి సంగతి ఎత్తుతాడు పౌలు. గ్రీకు మూలంలోనూ రెండుచోట్లా ధాతువు ఒకటే. ఒక కబురును పదిలంగా చేతిలో పెట్టడానికీ, గురువును ముప్పై వెండి నాణేలకు శత్రువుల చేతిలో పెట్టడానికీ అదే మాట సరిపోయింది. మన అనువాదకులు ఆ పోలికను చెదరనివ్వకుండా తెలుగులోకి తెచ్చారు. పైగా తెలుగువాళ్లకు ఈ మాట వినగానే పెళ్లింటి అప్పగింతలు గుర్తుకొస్తాయి. కూతురి చేతిని వియ్యాలవారి చేతిలో పెట్టేటప్పుడు తండ్రి గొంతు ఎందుకు పూడుకుపోతుందో తెలిసినవాళ్లకు పౌలు పత్రికల్లోని ఆత్రం కూడా తెలుస్తుంది. ఇచ్చింది ప్రాణంతో సమానమైనది. పుచ్చుకున్నవాళ్లు దాన్ని ఎలా చూసుకుంటారో!

క్రైస్తవ సంఘాన్ని రెండు వేల ఏళ్లుగా వదలని ప్రశ్న ఇది. మొదట అప్పగించింది ఏమిటి? చేతులు మారుతూ వచ్చిన దారిలో దాన్ని కాపాడింది ఎవరు, అమ్ముకున్నది ఎవరు? దుర్బోధ అనే మాట ఇవాళ మన సంఘాల్లో చాలా చవకైపోయింది. బాప్తిస్మం ఇచ్చే పద్ధతి వేరైతే దుర్బోధ, ఆరాధనలో డప్పు మోగితే దుర్బోధ, నిలబడి పాడేవాళ్లకు కూర్చుని పాడేవాళ్లది దుర్బోధ. ఇంత తేలిగ్గా వాడేవాళ్లం, నిజంగా సువార్తకే ఎసరు పెట్టే బోధ గుమ్మం తొక్కినప్పుడు దాన్ని గుర్తుపట్టలేకపోతున్నాం. ఈ చరిత్ర చదివేకొద్దీ నాకు ఒక సంగతి గట్టిపడుతూ వచ్చింది. అసలైన దుర్బోధ ప్రభువు బల్ల దగ్గర బయటపడుతుంది. ఉచితంగా ఇచ్చినదానికి వెల కడుతుంది, లేదంటే అందరికీ వేసిన బల్ల చుట్టూ కంచె కడుతుంది. దానికి అడ్డం నిలబడినవాళ్లలో గొప్ప పండితులూ ఉన్నారు గాని, చిన్న విశ్వాస ప్రమాణం ఒక్కటి కంఠతా పట్టుకుని దాన్నే నమ్ముకున్న సాదా విశ్వాసులు అంతకంటే ఎక్కువమంది.

ముందు ఆ మొదటి మాట సంగతి. క్రీ.శ. 54, 55 ప్రాంతంలో ఎఫెసు నుంచి రాస్తూ, అదే పత్రిక 15వ అధ్యాయంలో పౌలు దాన్ని నాలుగు ముక్కల్లో చెప్పాడు. లేఖనాల ప్రకారం క్రీస్తు మన పాపాల కోసం చనిపోయాడు, సమాధి చేశారు, మూడో రోజున లేచాడు, కేఫా అనే పేతురుకూ పన్నెండుమందికీ కనబడ్డాడు. ఇది తన సొంత కూర్పు కాదనీ తనకూ ఇంకొకరు ఇచ్చిందేననీ అక్కడే చెప్పాడు. మారుమనస్సు పొందిన మూడేళ్లకు యెరూషలేము వెళ్లి పేతురు దగ్గర పదిహేను రోజులున్నానని గలతీయులకు రాశాడు కాబట్టి, ఆ నాలుగు ముక్కలు సిలువ జరిగిన కొద్ది ఏళ్లకే నోటి పాఠంగా స్థిరపడి ఉండాలని చాలామంది పండితుల అభిప్రాయం. సువార్త గ్రంథాలు రాతలోకి రాకముందే ఈ పాఠం నోళ్లలో ఉంది.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. 1934లో జర్మన్ పండితుడు వాల్టర్ బావర్, తొలి శతాబ్దాల్లో చాలా ప్రాంతాలకు ముందుగా చేరింది ఆ తర్వాత దుర్బోధ అనిపించుకున్న బోధలేననీ, రోము సంఘం బలంతో ఒక పక్షం గెలిచి తనకు సత్యం అని పేరు పెట్టుకుందనీ వాదించాడు. మన కాలంలో బార్ట్ ఎర్మన్ పుస్తకాలతో ఆ వాదన సామాన్య పాఠకులకూ చేరింది. ఆనాడు రకరకాల బోధలుండేవన్నంతవరకు బావర్ చెప్పింది నిజమే. పౌలు పత్రికలే అందుకు సాక్ష్యం, పోట్లాట లేకపోతే అందులో సగం ఉత్తరాలు పుట్టేవే కావు. అయితే మన చేతిలో ఉన్న క్రైస్తవ రాతల్లో అన్నిటికంటే పాతవి ఆ పత్రికలే. వాటిలో ఆ నాలుగు ముక్కలూ అప్పటికే పాత పాఠంగా కనబడుతున్నాయి. పోటీ సువార్తలుగా ఇవాళ పేరు మోసిన గ్రంథాల్లో ఎక్కువ రెండో శతాబ్దానివి. గెలిచినవాళ్లు రాసుకున్న కథ అనడానికి, ఈ పాఠం పుట్టిన మొదటి శతాబ్దపు ముప్పైలలో గెలుపన్నదే లేదు. ఉన్నవి కొరడా దెబ్బలూ చెరసాలలే.

మొదటి పెద్ద పోట్లాట తిండి దగ్గర వచ్చింది. అంతియొకయలో యూదులూ అన్యజనులూ ఒకే పంక్తిలో కూర్చుని తినేవారు. పేతురూ వాళ్లతో తినేవాడు. యెరూషలేము నుంచి యాకోబు దగ్గరి మనుషులు కొందరు వచ్చేసరికి పేతురు మెల్లగా జరిగి వేరే కూర్చున్నాడు. బర్నబా కూడా అతని వెనకే లేచాడు. పౌలు అందరి ముందూ పేతురును నిలదీశాడు. గమనించాల్సింది ఏమిటంటే, పేతురు తప్పు బోధ ఒక్క ముక్క కూడా చెప్పలేదు. క్రీస్తు మరణ పునరుత్థానాలను కాదనలేదు. లేచి వేరే పంక్తికి వెళ్లాడంతే. అయినా పౌలు దాన్ని మర్యాదలోని లోపంగా చూడలేదు, సువార్త సత్యానికే అడ్డంగా నడవడం అన్నాడు. సున్నతి ఉంటేనే పూర్తి సభ్యుడివన్న బోధ గలతీయలో మాటగా వచ్చింది, అంతియొకయలో కంచం జరుపుకోవడంగా వచ్చింది. రెండూ ఒకటేనని చూడగలిగిన కన్ను పౌలుది. పంక్తి భేదం అంటే ఏమిటో తరతరాలుగా ఎరిగిన మనకు ఈ ఘట్టాన్ని వివరించడానికి వ్యాఖ్యాన గ్రంథం అవసరం లేదు.

తర్వాతి తరంలో వచ్చిన బోధ ఇంకా సున్నితమైనది. దేవుని కుమారుడికి నిజమైన శరీరం ఉండడమేమిటి, బాధపడినట్టు కనిపించాడంతే అన్నారు కొందరు. యోహాను పత్రికలు దీన్నే ఎదుర్కొన్నాయి. రెండో శతాబ్దం తొలినాళ్లలో అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్‌ను సింహాలకు వేయడానికి సైనికులు రోముకు నడిపించుకుపోతుంటే, దారిలో రాసిన ఏడు ఉత్తరాల్లో ఆయన ఈ బోధకు ఇచ్చిన జవాబు గొలుసుల బరువు తెలిసినవాడి జవాబు. క్రీస్తు బాధ వట్టి కనికట్టయితే నా చేతికి ఈ సంకెళ్లెందుకు అని అడిగాడు. స్ముర్న సంఘానికి రాసిన ఉత్తరంలో మరో సంగతి పట్టుకున్నాడు: ఇలా బోధించేవాళ్లకు విధవరాలి గొడవ పట్టదు, అనాథ గొడవ పట్టదు, ఆకలిగొన్నవాడి గొడవ పట్టదు, ప్రభు భోజనానికీ వాళ్లు దూరమే. క్రీస్తు శరీరాన్ని కాదన్నవాడికి పక్కింటివాడి శరీరం కూడా కనబడదు. సిద్ధాంతానికీ కడుపుకూ ఉన్న లంకెను ఇంత తొందరగా, ఇంత స్పష్టంగా చూపినవాళ్లు తక్కువ.

మార్షియన్ కథలో నాకు అన్నిటికంటే నచ్చింది డబ్బు సంగతి. నల్ల సముద్రపు ఒడ్డున సినోపె ఊరివాడు, ఓడల యజమాని. క్రీ.శ. 140 ప్రాంతంలో రోముకు వచ్చి అక్కడి సంఘానికి రెండు లక్షల సెస్టర్సులు కానుకగా ఇచ్చాడు. పాత నిబంధన దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అన్నది అతని బోధ. పాత నిబంధన మొత్తం తీసేశాడు. కొత్తదానిలో లూకా సువార్తనూ పౌలు పత్రికలు పదింటినీ మాత్రం, అవి కూడా కత్తిరించి, ఉంచుకున్నాడు. 144లో సంఘం అతన్ని వెలివేసింది, వెలివేస్తూ రెండు లక్షలూ తిరిగి ఇచ్చేసింది. చక్రవర్తి దయతో బతికే సంఘం కాదది. దాక్కుని కూడుకునే సంఘం, విధవరాళ్లను పోషించే సంఘం, అంత డబ్బు అవసరం ఉన్న సంఘం. అపొస్తలుల కార్యములలో సీమోను ఇవ్వబోయిన డబ్బును పేతురు విసిరికొట్టిన ఘట్టానికి ఇది నిజమైన వారసత్వం.

మార్షియన్ కత్తెర మాత్రం ఇంకా తుప్పు పట్టలేదు. డిసెంబరు 31 రాత్రి మన సంఘాల్లో వాగ్దాన కార్డు తీసుకుంటాం. ఏడాదంతా దాన్ని బైబిల్లో పెట్టుకుంటాం, గోడకు అంటించుకుంటాం. అందులో తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు, మా ఇంట్లోనూ అలాంటి కార్డులు దొంతరగా ఉన్నాయి. కాని ఎన్ని డిసెంబర్లు గడిచినా యోబు ఏడుపు గాని, ఆమోసు ప్రవక్త తూనికరాళ్ల మోసం మీద పడ్డ కోపం గాని, సిలువ ఎత్తుకోమన్న పిలుపు గాని నాకు ఏ కార్డు మీదా రాలేదు. పుస్తకాన్ని చింపకుండానే అందులో మూడు వంతులు మూసిపెట్టొచ్చు. పక్కన పెట్టిన ఆ మూడు వంతులలో ఏముందో విశ్వాసికి తెలియనప్పుడు, మిగిలిన వంతుకు ఎవరు ఏ అర్థం చెప్పినా ఆమేన్ అనాల్సి వస్తుంది.

ఈ చిక్కును బాగా విడమర్చి చెప్పినవాడు ఐరేనియస్. స్ముర్న ప్రాంతంలో పెరిగాడు. యోహానును చూసిన పాలికార్ప్ ముసలితనంలో ఎక్కడ కూర్చుని మాట్లాడేవాడో, ఎలా నడిచేవాడో, ప్రభువును చూసినవాళ్ల గురించి ఏమేం చెప్పేవాడో చిన్ననాటి జ్ఞాపకంగా ఒక స్నేహితుడికి రాశాడు. ఇవాళ ఫ్రాన్సులో ఉన్న లియోన్‌లో 177లో జరిగిన హింసలో తొంభై దాటిన బిషప్పు పోథినస్ చనిపోతే ఆ బాధ్యత తను ఎత్తుకున్నాడు. గ్నాస్టిక్కుల మీద ఆయన 180 ప్రాంతంలో రాసిన అయిదు పుస్తకాల గ్రంథం ఈ విషయంలో పునాది. రహస్య జ్ఞానం ఉన్న కొద్దిమందికే రక్షణ అనీ, ఈ లోకాన్ని చేసింది ఒక తక్కువ దేవుడనీ చెప్పేవాళ్లు కూడా బైబిలు వచనాలే చూపించేవారు. దానికి ఐరేనియస్ ఒక పోలిక ఇచ్చాడు. నిపుణుడైన శిల్పి రత్నాలు పొదిగి రాజు బొమ్మ చేస్తే, ఇంకొకడు ఆ రత్నాలే ఊడదీసి నక్క బొమ్మగా పేర్చి, ఇదిగో రాజు, చూడండి అవే రత్నాలు అంటాడు. రాజు ముఖం ఎరగనివాడు మోసపోతాడు. ముందే ఎరిగినవాడు రత్నాలను గుర్తుపడతాడు గాని నక్కను రాజనడు. ఆ ఎరుక బాప్తిస్మంలో ఒప్పుకున్న విశ్వాస ప్రమాణం నుంచి వస్తుందని ఆయన చెప్పాడు. 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాదిలో గ్నాస్టిక్కుల సొంత గ్రంథాలే కోప్టిక్ భాషలో, పదమూడు సంపుటాలుగా, బయటపడ్డాయి. చాలా వివరాల్లో ఐరేనియస్ అలాంటి గ్రంథాలను చదివే రాశాడని తేలింది. వాళ్ల లోపలి భేదాలను ఆయన ఒకే గాటన కట్టేశాడన్న విమర్శా అప్పుడే బలపడింది. రెండూ ఒప్పుకోవాల్సినవే.

ఆ గ్రంథంలో ఇంకో చోటు ఉంది, నేను మళ్లీ మళ్లీ వెళ్లేది దానికే. అపొస్తలులు ఏ రాతా వదిలి వెళ్లకపోయి ఉంటే ఏం చేసేవాళ్లం అని తనే అడిగి, తనే జవాబు చెబుతాడు. చదువురాని జాతులు ఎన్నో కాగితం, సిరా లేకుండానే రక్షణను గుండెల్లో రాసుకుని నమ్ముతున్నాయి; వాళ్ల భాషలో వెళ్లి ఎవరైనా ఈ కొత్త బోధలు చెప్పబోతే చెవులు మూసుకుని పారిపోతారు అని. ఆయన పుస్తకాల్లోంచి ఊహించి రాసిన సంగతి కాదు. కెల్టుల మధ్య బతికి, వాళ్ల భాష మాట్లాడీ మాట్లాడీ తన గ్రీకు మొద్దుబారిందని చెప్పుకున్న మనిషి. ఇది చదివినప్పుడు నాకు మా నాయనమ్మ కళ్ల ముందుంటుంది. ఆవిడకు అక్షరం రాదు. విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు మాత్రం చెరువు గట్టు మీద నడుస్తూ కూడా తడుముకోకుండా చెప్పేది. ఒకసారి ఊరికి వచ్చిన ప్రసంగీకుడొకాయన ఫలానా రోజున ప్రభువు వస్తాడని తేదీతో సహా చెబుతుంటే, చాప మీద నుంచి లేచి, “ఏ తేదీనో మా ప్రమాణంలో లేదు నాయనా, వస్తాడని మాత్రమే ఉంది” అని మళ్లీ కూర్చుంది.

నైసియా సంగతి అందరూ ఎత్తేదే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. అలెగ్జాండ్రియాలో సంఘపెద్దగా ఉన్న ఏరియస్, కుమారుడు సృష్టింపబడినవాడేనన్నాడు. 325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి పిలిచిన సభ, కుమారుడు తండ్రితో ఏకతత్త్వం గలవాడని తీర్మానించింది. ఆ మాట బైబిల్లో లేదు, బైబిలు చెప్పినదాన్ని కాపాడడానికి బయటి మాట అవసరమైంది. వచనాలకు మాత్రమే కట్టుబడతామంటూ తప్పించుకునే దారి ఏరియస్ పక్షం వెతికింది మరి. ఈ కథలో తక్కువగా చెప్పుకునే రెండు సంగతులున్నాయి. ఒకటి పాట. నావికులకూ తిరగలి విసిరేవాళ్లకూ బాటసారులకూ వేర్వేరుగా పాటలు కట్టి ఏరియస్ తన బోధను నోళ్లలోకి ఎక్కించాడని సంఘ చరిత్రకారుడు ఫిలోస్తోర్జియస్ రాశాడు. పాట ఎటు పోతే సంఘం అటు పోతుంది. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి కట్టిన కీర్తనలు పాడుకుంటూ మన పల్లెలు సిలువ కథ నేర్చుకున్నాయి. ఇవాళ ఆరాధనలో పాడే కొత్త పాట ఏదైనా తీసుకుని అందులో క్రీస్తు ఏం చేశాడో ఎన్ని చరణాల్లో ఉందో, నాకు ఏం కావాలో ఎన్ని చరణాల్లో ఉందో లెక్కపెట్టి చూడండి. రెండోది, సభ తీర్మానంతో పని కాలేదు. 359లో అరిమినమ్‌లో కూడిన బిషప్పులు చక్రవర్తి ఒత్తిడికి లొంగి మెత్తని మాటలకు సంతకాలు పెట్టారు. నైసియా తీర్మానం పక్షాన నిలిచిన అలెగ్జాండ్రియా బిషప్పు అథనేసియస్ అయిదుసార్లు, మొత్తం పదిహేడేళ్ల దాకా, ప్రవాసంలో గడిపాడు. ఆ దశాబ్దాల్లో విశ్వాసాన్ని నిలబెట్టింది బిషప్పుల కంటే సామాన్య విశ్వాసులేనని 1859లో కాథలిక్కు వేదాంతి జాన్ హెన్రీ న్యూమన్ రాసి, తన సంఘాధికారుల కోపానికి గురయ్యాడు. కొత్త నిబంధనలోని 27 పుస్తకాల జాబితా ఇవాళ మన బైబిల్లో ఉన్నట్టే మొదటిసారి కనబడేది కూడా అథనేసియస్ 367లో రాసిన పండుగ ఉత్తరంలోనే.

కత్తి చేతికి వచ్చాక సంఘం చేసిన పనులు దాచిపెట్టి ఈ చరిత్ర చెప్పడం నాకు చేతకాదు. దుర్బోధ పేరు మీద రాజ్యం చేత చంపించిన తొలివాళ్లలో స్పెయిన్ బిషప్పు ప్రిసిలియన్ ఒకడు. 385 ప్రాంతంలో ట్రియర్‌లో తల తీశారు. ప్రిసిలియన్ బోధను ఒప్పుకోని టూర్స్ బిషప్పు మార్టిన్ కూడా ఆ శిక్ష వద్దని చక్రవర్తిని వేడుకున్నాడు. 1553 అక్టోబరు 27న జెనీవాలో, త్రిత్వాన్ని కాదన్న సెర్వెటస్‌ను కాల్చారు. మనిషిని చంపితే మనిషే చస్తాడు గాని సిద్ధాంతం నిలబడదన్న అర్థంలో పండితుడు కాస్టెలియో రాసినది అప్పుడే. మన దేశంలో 1599లో, కేరళలోని ఉదయంపేరూరు సభ, సిరియన్ క్రైస్తవుల పుస్తకాలను తప్పులతడకలని తేల్చి కాల్చేయమంది. తోమా క్రైస్తవుల తరతరాల జ్ఞాపకం అలా బూడిదైంది. అప్పగించినదాన్ని కాపాడుతున్నామనుకుంటూనే మనిషిని అప్పగించారు, యూదా అప్పగించినట్టే. ఆ క్రియకున్న రెండో అర్థం ఇక్కడ నన్ను భయపెడుతుంది.

కత్తి బదులు ఓపిక పట్టినవాళ్లూ ఉన్నారు. 1528లో సాక్సనీ పల్లెల్లో సంఘాలను చూడబోయిన మార్టిన్ లూథర్, పరలోక ప్రార్థన కూడా రాని జనాన్నీ చెప్పడం రాని పాదిరీలనూ చూసి కుమిలిపోయాడు. మరుసటేడు చిన్న ప్రశ్నోత్తర పుస్తకం రాశాడు, ఇంట్లో తండ్రి పిల్లలకు నేర్పేలా. ఆ పుస్తకం దారి మన దాకా వచ్చింది. మద్రాసులో పనిచేసిన మిషనరీ బెంజమిన్ షుల్జ్ బైబిలును తెలుగులోకి తెచ్చాడు గాని అది అచ్చుకాలేదు. ఆయన జర్మనీ తిరిగి వెళ్లాక, 1746లో హాలే పట్టణంలో అచ్చయిన చిన్న ప్రశ్నోత్తరి మాత్రం తెలుగు అక్షరాలు అచ్చులో కనబడిన తొలి పుస్తకాల్లో చేరింది. తెలుగు అచ్చు కథ మొదలైన చోటే ఈ నోటి పాఠం ఉంది. నమ్మిందేమిటో చెప్పు, ఎందుకో చెప్పు అనే ఆ పద్ధతి ఎంత విలువైనదో, బాప్తిస్మానికి ముందు ఒక్క ఆదివారం కూడా కూర్చోబెట్టని ఈ కాలంలో తెలుస్తోంది.

ఇరవయ్యో శతాబ్దం మళ్లీ బల్ల దగ్గరికే వచ్చింది. హిట్లరు జర్మనీలో, జాతినీ నాయకుణ్నీ దేవుని వెల్లడింపుగా చెప్పిన పక్షానికి ఎదురుగా 1934 మే నెలాఖరున బార్మెన్‌లో కూడినవాళ్లు ఆరు ఖండికల ప్రకటన చేశారు. సంఘం వినాల్సింది క్రీస్తు అనే ఒక్క వాక్కునేనన్నది దాని సారం. కార్ల్ బార్త్ దాని ముఖ్య రచయిత. యూదుల మాట అందులో ఎత్తకపోవడం తన తప్పని ముసలితనంలో ఆయనే బాధపడ్డాడు. సత్యం పలికిన నోరే ఒక చోట మూగబోయింది. దక్షిణాఫ్రికాది ఇంకా సూటైన కథ. 1857లో కేప్ డచ్ రిఫార్మ్‌డ్ సంఘం, కొందరి బలహీనత దృష్ట్యా నల్లవారికి ప్రభురాత్రి భోజనం వేరుగా పెట్టుకోవచ్చంది. ఆ వేరు పంక్తి వేరు సంఘమై, వేరు సంఘం వేరు చట్టానికి ఆసరా అయింది. నూటపాతికేళ్లకు, 1982లో, ఆ వేరు సంఘంవాళ్లే బెల్హార్ ఒప్పుకోలు రాశారు. మనుషులను పుట్టుకతో విడదీసే బోధ సువార్తకే విరుద్ధమన్నారు. 1986లో దాన్ని అధికారికంగా స్వీకరించారు. అంతియొకయలో పౌలు ఒక్క పూట భోజనంలో చూసింది తెలుసుకోవడానికి వాళ్లకు అన్నేళ్లు పట్టింది.

మనకు ఆ పరీక్ష ఒంగోలులో వచ్చింది. 1866లో అక్కడ చేరిన మిషనరీ జాన్ క్లౌ దగ్గరికి తలకొండపాడు పేరయ్య వంటి మాదిగలు రావడం మొదలైంది. పట్టణంలోని బ్రాహ్మణ పెద్దలు వచ్చి, వాళ్లను చేర్చుకుంటే మేమెవరం మీ దగ్గరికి రామన్నారు. బడి నడవాలంటే వాళ్ల పిల్లలు కావాలి. ఏం చేయాలో తోచక క్లౌ ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీ పత్రికలోని ఒకే భాగం కనబడిందట. లోకంలో ఎన్నికలేనివాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడన్న భాగం. మాదిగలకు తలుపు తెరిచే ఉంచారు. ఆ తర్వాత 1876-78 కరవులో క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత మేర తవ్వకం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి పెట్టాడు. కూడు కోసం మతం మారారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరవు సాయం అయిపోయాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అందరూ ఈ సంఖ్య చెప్పుకుంటారు. నాకు ఆ ఆగిన ఏడాది గొప్పగా కనిపిస్తుంది. అన్నానికీ సువార్తకూ ముడి పెట్టకుండా, రెండూ ఉచితంగానే ఇచ్చిన ఏడాది అది. వాళ్ల మనవలమూ మునిమనవలమూ అయిన మనం, బల్ల దగ్గర ఒక్కటిగా మోకరించి, సంబంధాలు చూసుకునేటప్పుడు మాత్రం ఏ కులం క్రైస్తవులని అడుగుతున్నాం. ఏ సంఘ తీర్మానమూ దీన్ని దుర్బోధ అనలేదు, అంతియొకయలో పేతురు కంచం జరిపింది కూడా తీర్మానంతో కాదు.

ఇక వెల కట్టే బోధ. కావాల్సినదాన్ని నోటితో ఒప్పుకుంటే వచ్చి తీరుతుందన్న ఆలోచన అమెరికాలో కెన్యన్ రాతల నుంచి కెన్నెత్ హేగిన్ దాకా పెరిగింది. 1970లో ఓరల్ రాబర్ట్స్ విత్తన విశ్వాసం పేరుతో పుస్తకం వేశాడు. కానుక ఒక విత్తనం, వేస్తే పంట వస్తుంది. ఈ బోధ ఆఫ్రికా, లాటిన్ అమెరికా, మన దేశం అంతటా పాకింది. 2008, 2009లలో ఘానాలోని అక్రోపాంగ్‌లో కూడిన లోసాన్ అనే సువార్త ఉద్యమపు వేదాంతులు, ఎక్కువగా ఆఫ్రికావాళ్లు, దీన్ని జాగ్రత్తగా తూచారు. దేవుడు స్వస్థపరుస్తాడనీ ఆశీర్వదిస్తాడనీ ఒప్పుకున్నారు. పేదరికం విశ్వాసలోపానికి గుర్తనడాన్నీ, కానుకను దేవుడితో బేరంగా మార్చడాన్నీ గట్టిగా ఖండించారు. ఆ తూకం నాకు సరైనదిగా తోస్తుంది. రోగికి చేతులుంచి ప్రార్థన చేయడం ఒకటి, ఆ ప్రార్థనకు రేటు కట్టడం వేరొకటి.

విత్తనం వచనం కొరింథీ రెండో పత్రిక 9వ అధ్యాయంలో ఉంది. దాని ముందు అధ్యాయంతో కలిపి చదివితే ఆ రత్నం ఏ బొమ్మలోదో తెలుస్తుంది. పౌలు అక్కడ పోగుచేస్తున్నది యెరూషలేములోని పేదల కోసం. ఒకరి కలిమి ఇంకొకరి లేమిని తీర్చాలని, ఎక్కువ కూర్చుకున్నవాడికి మిగల్లేదు, తక్కువ కూర్చుకున్నవాడికి కొదవ కాలేదన్న మన్నా కథను గుర్తుచేశాడు. ఆ డబ్బును ఎవరూ వేలెత్తి చూపకూడదని సంఘాలు ఎన్నుకున్న సోదరుణ్ని వెంట పంపాడు. తనకైతే కొరింథీవాళ్ల దగ్గర జీతమే తీసుకోలేదు. మన నేల మీద ఈ పాఠాన్ని అలాగే అర్థం చేసుకున్నవాడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1912 డిసెంబరులో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన ఈ తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు, క్రైస్తవుడి ఇవ్వడం గురించి ఒక పుస్తకమే రాశాడు. మన తెలుగు సంఘాల్లో అమ్మలు వంట మొదలుపెట్టేముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. ఆదివారం ఆ కుండ గుడికి వెళ్లేది. తిరిగి ఏమొస్తుందని ఎవరూ అడగలేదు. ముందే పుచ్చుకున్నవాళ్లు ఇచ్చే పిడికెడది.

మా వీధి చివరి ఇంట్లో ఒక అత్త ఉండేది. కొడుక్కి మూత్రపిండాలు చెడ్డాయి. ఎక్కడో పెద్ద కూటంలో బంగారం విత్తనంగా వేస్తే బిడ్డ బతుకుతాడని వేదిక మీద నుంచి చెబితే, చెవి కమ్మలు తీసి సంచిలో వేసి వచ్చింది. కుర్రాడు శ్రావణం దాటకుండానే పోయాడు. అడగబోతే, విశ్వాసం చాల్లేదమ్మా అన్నారట. ఆ మాట ఆమెను కొడుకు చావు కంటే ఎక్కువగా చంపింది. నెలలపాటు గుడికి రాలేదు. మార్షియన్‌కు రెండు లక్షలు తిరిగి ఇచ్చిన సంఘం గురించి చదివిన ప్రతిసారీ నాకు ఆ కమ్మలే గుర్తొస్తాయి, వాటిని తిరిగి ఇచ్చినవాళ్లు లేరు.

మా పాస్టరుగారు ఆమె ఇంటికి వెళ్లి ఏమీ బోధించలేదు, వారం వారం వెళ్లి అరుగు మీద కూర్చుని వచ్చేవారు. సంఘంలో ఆడవాళ్లు వంతులేసుకుని కూర పంపేవాళ్లు. ఒక సంస్కారపు ఆదివారం ఆమె వచ్చి చివరి వరసలో కూర్చుంది. అందరం లేచి విశ్వాస ప్రమాణం చెబుతుంటే, చనిపోయి పాతిపెట్టబడి అన్న చోట ఆమె పెదవులు కదలడం చూశాను. తర్వాత అందరితోపాటు నడిచి బల్ల దగ్గరికి వచ్చి మోకరించింది. కమ్మల రంధ్రాలు పూడిపోకుండా చీపురు పుల్లలు పెట్టుకుని ఉంది. పాస్టరుగారు రొట్టె ముక్క చేతిలో పెట్టి, నీ కోసం ఇచ్చినదమ్మా అన్నారు. ఆమె రెండు చేతులూ చాచి పుచ్చుకుంది.